నెగటివ్ అంతా ఒక్క దారిలోనే పోవాలి

ఇన్వర్టర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందనే నమ్మకం మన గోదావరి జిల్లాల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందో చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ ఊరెళ్ళినా ఇంటికో ఇన్వర్టర్ ఉంటుంది, చెరువు గట్ల మీద షెడ్డుకో బ్యాటరీల వరస ఉంటుంది. వనామి రొయ్య వేసిన రైతు నీటిలో ఆక్సిజన్ ఎంతుందో తెలుసుకోడానికి డీవో మీటరు కొంటాడు, ఉప్పు శాతం చూస్తాడు, పీహెచ్ చూస్తాడు, చెక్ ట్రే పైకి లాగి రొయ్య ఎంత మేత తిందో చూస్తాడు. అర్ధరాత్రి కరెంటు పోయిందని అతన్ని నిద్రలేపాల్సిన సైరను, జనరేటర్ దగ్గరి లైటు, గట్టు మీద కెమెరాలు, ఫోనుకి కబురు పంపే రూటరు అన్నీ ఆ బ్యాటరీల మీదే నడుస్తాయి. ఆ బ్యాటరీల్లో ఎంత మిగిలిందో మాత్రం ఎవరూ చూడరు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందు, బ్యాటరీలు రాత్రంతా పనిచేసి నీరసించేదీ సరిగ్గా అప్పుడే. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి డీవో దిగుతున్న వేళ నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతే, ఆ సంగతి చెప్పాల్సిన సైరనే మూగబోతే ఏమవుతుందో రొయ్యలు పెంచేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అందుకే బ్యాటరీలో ఎంత మిగిలిందో లెక్కగట్టే బ్యాటరీ మానిటర్ పెట్టుకోవాలి, దానికి షంట్, అంటే పోయే కరెంటుని కొలిచే లోహపు ముక్క, బిగించాలి అని కనపడినవాళ్ళందరికీ చెబుతుంటాను. అయితే ఈమధ్య నాకు ఇంకో దిగులు పట్టుకుంది. మానిటర్లు కొంటున్నారు, చవకవి కొన్నవాళ్ళున్నారు, విక్ట్రాన్ లాంటి ఖరీదైనవి తెప్పించినవాళ్ళూ ఉన్నారు, కాని బిగించిన తీరు చూస్తే ఆ డబ్బంతా నీళ్ళలో పోసినట్టే ఉంటోంది. ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపిన బ్యాటరీలకి షంట్ పెట్టేటప్పుడు మానిటర్ ఏ కంపెనీది అన్నది ఆఖరి సంగతి. ముందు బ్యాటరీల నెగటివ్‌లన్నీ ఒక్కచోట చేరాలి, అక్కణ్ణుంచి బయటికి పోయేదీ లోపలికి వచ్చేదీ మొత్తం షంట్ గుండానే నడవాలి, బ్యాటరీలు బరువుని సమానంగా పంచుకోవాలి. ఈ వైరింగ్ లేకుండా తెర మీద 78 శాతం అని కనపడితే, ఏ మీటరూ లేనప్పటికంటే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే మీటరు లేనివాడు కనీసం అనుమానంగా ఉంటాడు, మీటరు ఉన్నవాడు నిశ్చింతగా పడుకుంటాడు.

వోల్టేజీ చూస్తే చాలదా అంటారు. చాలదు. ఇళ్ళలో వాడే మామూలు ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీ నిండా ఎక్కి, కొన్ని గంటలు ఏ పనీ చెయ్యకుండా ఉంటే 12.5కీ 12.7కీ మధ్యన చూపిస్తుంది, సగానికి వస్తే 12.1, 12.2 దరిదాపుల్లో ఉంటుంది. అంటే సగం బ్యాటరీ ఖాళీ అవడానికి మారేది అర వోల్టు, ఒక్కోసారి అంత కూడా కాదు. అదీ విశ్రాంతిగా ఉన్నప్పటి లెక్క. ఫ్యాన్లు తిరుగుతుంటే దిగుతుంది, ఆపగానే మళ్ళీ పైకి లేస్తుంది, అప్పుడే ఛార్జింగ్ ఆపితే లేని బలం చూపిస్తుంది. తుఫాను రాత్రి ఫ్యాను, లైటు, రూటరు అన్నీ ఆపేసి మూడు గంటలు చీకట్లో కూర్చుని అప్పుడు వోల్టేజీ కొలిచేవాళ్ళెవరు? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలైతే మరీ కష్టం, 70 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా వోల్టేజీ దాదాపు ఒక్కచోటే, 13.2 దగ్గర కదలకుండా నిలబడుతుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. అందుకని లోపలికి ఎన్ని ఆంప్స్ ఎంతసేపు వెళ్ళాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని కూడికా తీసివేతా చేసుకుంటూ కూర్చోడమే దారి. షంట్ ఉన్న మానిటర్ చేసేది అదే.

షంట్ చూడ్డానికి చిన్న వస్తువు. రెండు ఇత్తడి దిమ్మెలు, వాటిని కలుపుతూ మధ్యలో సన్నని లోహపు పలకలు, అటొకటి ఇటొకటి పెద్ద బోల్టులు, దిమ్మెల మీద రెండు చిన్న స్క్రూలు. ఎక్కువగా వాడేదాని మీద 500 ఆంప్స్, 50 మిల్లీవోల్టులు అని ఉంటుంది. దాని గుండా 500 ఆంప్స్ పోతే రెండు చివరల మధ్య 50 మిల్లీవోల్టుల తేడా వస్తుందని అర్థం, అంటే దాని నిరోధం 0.1 మిల్లీ ఓమ్. వంద ఆంప్స్ పోతే 10 మిల్లీవోల్టులు. ఇంట్లో రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, రూటరు కలిపి ఓ 200 వాట్లు నడిస్తే 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి లాగేది 20 ఆంప్స్ దాకా ఉంటుంది, అప్పుడు షంట్ మీద పుట్టేది 2 మిల్లీవోల్టులే. మానిటర్ చదవాల్సింది ఇంత సన్నని అంకె. బోల్టు కాస్త వదులుగా ఉన్నా, కేబులు చివరి లోహపు లగ్గు కింద తుప్పు ఉన్నా లెక్క ఎందుకు తారుమారవుతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

మధ్యలో ఉండే ఆ పలకలు మాంగనిన్‌వి. రాగి, మాంగనీసు, నికెల్ కలిపిన లోహం అది, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎడ్వర్డ్ వెస్టన్ తయారుచేశాడు. దాని గొప్పతనమల్లా వేడికి నిరోధం దాదాపుగా మారకపోవడం. రాగి అలా కాదు, డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. మన దగ్గర జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలున్న రేకుల షెడ్డు మే నెల మధ్యాహ్నానికి 45కి పోతుంది, అంటే రాగి తీగ నిరోధంలో పది శాతం పైన తేడా వచ్చేస్తుంది. షంట్ ఎందుకు దండగ, బ్యాటరీ కేబులు ముక్కనే కొలతకి వాడితే పోలా అనే తెలివైన కుర్రాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి నా జవాబు ఇదే.

ఇక అసలు విషయం. షంట్‌కి రెండు వైపులుంటాయి. ఒక వైపు బ్యాటరీల నెగటివ్ మాత్రమే రావాలి, ఇంకే తీగా ఆ బోల్టు మీద పడకూడదు. రెండో వైపు మిగతావన్నీ: ఇన్వర్టర్ నెగటివ్, సోలార్ ఛార్జ్ కంట్రోలర్ నెగటివ్, కెమెరాల సప్లై, డీసీ లైట్లు, ఎర్తింగుకి పోయే తీగ ఉంటే అదీ. ధవళేశ్వరం దగ్గర హెడ్ స్లూయిజ్ నుంచి కాలువకి ఎంత నీరు వదిలారో కొలిచి రాసుకుంటారు కదా, ఆ కొలిచే చోటుకి ఎగువన ఎవరైనా గండి కొట్టి నీళ్ళు మళ్ళించుకుంటే పుస్తకంలోని అంకె చూసి నదిలో ఎంత మిగిలిందో చెప్పలేం. షంట్‌ని దాటేసి బ్యాటరీ నెగటివ్‌కి నేరుగా బిగించిన ప్రతి తీగా అలాంటి గండే.

నర్సాపురం వైపు మా బాబాయి చెరువుల దగ్గర షెడ్డులో నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంప్స్‌ని గంటలతో గుణించిన లెక్క) ట్యూబులర్లు ప్యారలల్‌లో ఉన్నాయి. మొదట ఒకటే ఉండేదట, కెమెరాలు పెట్టాక ఇంకోటి, సైరనూ రూటరూ వచ్చాక మిగతావి, ఇలా ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఇక్కడ చాలా షెడ్లలో బ్యాటరీల వరస పుట్టేది ఇలాగే, ఎవరూ కూర్చుని గీసుకున్నది కాదు, అవసరం కొద్దీ పెరిగింది. షంట్ బిగిద్దామని మొదటి బ్యాటరీ నెగటివ్ మీద ప్లాస్టిక్ టోపీ తీస్తే, ఒక్క బోల్టు మీద ఐదు లగ్గులు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. అడుగున పక్క బ్యాటరీకి పోయే జంపరు, దాని పైన ఇన్వర్టర్, ఆపైన సోలార్, ఆపైన కెమెరాల డీవీఆర్, అన్నిటికీ పైన గట్టు మీది లైటుది సన్న తీగ. అడుగు లగ్గు చుట్టూ తెల్లటి పొడి, రాగి తీగ ఇన్సులేషన్ లోపలికి పచ్చగా చిలుమెక్కి ఉంది. సముద్రం ఐదారు కిలోమీటర్లలో ఉన్నచోట ఈ పచ్చదనం ఎప్పుడూ చూసేదే, కాని దాని మీద వంద ఆంప్స్ నడుస్తున్నాయంటే భయమేస్తుంది.

బాబాయి దగ్గర ఎప్పటినుంచో పనిచేసే ఎలక్ట్రీషియన్ గారు చాలా ఒడుపున్న మనిషి. జనరేటర్ ఛేంజోవర్ కళ్ళు మూసుకుని బిగించగలడు. ఆయన ఇన్వర్టర్ తీగ, సోలార్ తీగ షంట్ రెండో వైపుకి మార్చి, డీవీఆర్ తీగ దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"ఇది ఇక్కడే ఉంచేద్దావండి బాబూ. సన్న తీగే కదండీ, ఎంత లాగుద్దండి ఇది?"

"సన్న తీగే గురువుగారూ, కాని ఇది రాత్రీ పగలూ ఆగదు కదండీ."

డీవీఆరు, నాలుగు కెమెరాలు, రూటరు కలిపి ఆ తీగ మీద నడిచేది 36 వాట్లు అనుకుందాం, అంటే 3 ఆంప్స్. రోజుకి 72 ఏహెచ్. రెండు 150 ఏహెచ్ బ్యాటరీలున్న ఇంట్లో అయితే అది రోజుకి దాదాపు పావు వంతు. రెండు రోజులు కరెంటు లేకపోతే షంట్ కంట పడకుండా 144 ఏహెచ్ వెళ్ళిపోతుంది, మానిటర్ 70 శాతం అని చూపిస్తుంటే నిజంగా ఉండేది 22. నాలుగు బ్యాటరీలుంటే ఆ తేడా సగం అవుతుంది, అంతే తప్ప పోదు. ఈ లెక్క అట్టముక్క మీద వేసి చూపించాను, ఆయన ఇంకో మాట అనకుండా తీగ విప్పేశాడు. "ఆయ్, అలాగైతే లైటుది కూడా ఉంచకూడదండి" అని గట్టు లైటు తీగ కూడా ఆయనే తీశాడు. చేతిలో పని ఉన్న మనిషికి కారణం చెబితే వింటాడు, ఆజ్ఞలా చెబితేనే వినడు.

దీనికి ఎదురుగా జరిగే తప్పు కూడా ఉంది. సోలార్ కంట్రోలర్ నెగటివ్‌ని బ్యాటరీకే నేరుగా వదిలేస్తే లోపలికి వచ్చేది లెక్కకి రాదు, బయటికి పోయేదే కనపడుతుంది, మానిటర్ రోజురోజుకీ కిందకి దిగుతూ సున్నా చూపిస్తుంది, బ్యాటరీ మాత్రం నిండుగా ఉంటుంది. అప్పుడు జనం మీటరు పాడైందని తీసి మూల పడేస్తారు. ఇంకొందరు షంట్‌ని మొదటి బ్యాటరీకీ రెండో బ్యాటరీకీ మధ్యనున్న జంపరులో పెడతారు, స్థలం అక్కడే ఉందని. అది మొదటి బ్యాటరీని అసలు చూడదు.

ఇప్పుడు ప్యారలల్ గురించి. ఈ భాగం మీద నేను కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే షంట్ ఎంత చక్కగా బిగించినా ఇక్కడ తప్పుంటే ఆ మానిటర్ మనకి చెప్పదు. నాలుగు బ్యాటరీలు వరసగా ఉన్నాయి, ప్లస్‌లన్నీ జంపర్లతో కలిపారు, మైనస్‌లన్నీ జంపర్లతో కలిపారు, ఇన్వర్టర్ రెండు తీగలూ మొదటి బ్యాటరీకే బిగించారు, ఎందుకంటే అదే దగ్గర. మన దగ్గర పదింట ఎనిమిది చోట్ల ఇలాగే కనపడుతుందని నా అనుభవం. ఒక్కో బ్యాటరీ లోపలి నిరోధం 4 మిల్లీ ఓమ్‌లు, ఒక్కో జంపరు, దాని లగ్గులతో సహా, 0.4 మిల్లీ ఓమ్ అనుకుని కాగితం మీద వేసి చూడండి. ఇన్వర్టర్ వంద ఆంప్స్ లాగితే మొదటి బ్యాటరీ ఒక్కటే 38 పైన మోస్తుంది, రెండోది 26, మూడోది 19, ఆఖరిది 16. మొదటిది ఆఖరిదానికంటే రెండింతల పైన పనిచేస్తోంది. ఛార్జింగులోనూ ఇదే కథ తిరగబడి నడుస్తుంది, ఆఖరి బ్యాటరీకి అందేది అందరికంటే తక్కువ, అది ఎప్పుడూ పూర్తిగా నిండక ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మొదటిది అరిగిపోతుంది, చివరిది మొద్దుబారిపోతుంది. షంట్ మాత్రం వంద ఆంప్స్ అని నిజమే చెబుతుంది, దానికి తెలిసేది మొత్తమే.

మందు చాలా చిన్నది. ప్లస్ తీగ మొదటి బ్యాటరీ నుంచి తీసుకోండి, మైనస్ తీగ ఆఖరి బ్యాటరీ నుంచి తీసుకోండి. అంతే. అవే జంపర్లు, అవే బ్యాటరీలు, ఒక్క కేబులు కాస్త పొడవుది కావాలి. పై అంకెలతోనే మళ్ళీ లెక్క వేస్తే అటు కొసదానికీ ఇటు కొసదానికీ 27 చొప్పున, మధ్యవాటికి 23 చొప్పున వస్తాయి. రెండే బ్యాటరీలున్న ఇంట్లో అయితే సరిసమానంగా వస్తుంది. ఇంకా బాగా చెయ్యాలంటే ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి రాగి బస్ బార్, అంటే తీగలన్నీ వచ్చి చేరే పట్టీ, పెట్టి, ప్రతి బ్యాటరీ నుంచి ఒకే పొడవు, ఒకే మందం కేబుళ్ళు తీసుకొచ్చి బస్ బార్ మీద దించాలి. దగ్గరున్న బ్యాటరీకి పొట్టి తీగ చాలుగా అనకూడదు, పొడవు ఎక్కువైతే చుట్టి కట్టుకోండి కాని కొయ్యకండి. మైనస్ బస్ బార్ నుంచి షంట్‌కి ఒక్కటే లావుపాటి కేబులు. షెడ్డులో మేం చేసింది ఇదే, ఐదు లగ్గుల దొంతర పోయి షంట్ బ్యాటరీ వైపు బోల్టు మీద ఇప్పుడు ఒక్క లగ్గు ఉంది.

ప్యారలల్‌లో మూడు నాలుగు దాటి పెంచడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పేస్తాను. 12 వోల్టుల మీద 2000 వాట్లు నడపాలంటే 200 ఆంప్స్ దాకా కావాలి, ప్రతి లగ్గూ ఒక పరీక్షే. అంత అవసరం ఉన్నవాళ్ళు 24కో 48కో మారడం మంచిది. పాత బ్యాటరీ పక్కన కొత్తది కలపడం కూడా మానాలి, రాత్రంతా కొత్తది పాతదాన్ని పోషిస్తూ కూర్చుంటుంది, ఆ లోపలి ఇచ్చిపుచ్చుకోడాలు బ్యాటరీల మధ్యే జరుగుతాయి కాబట్టి షంట్ గుండా ఒక్క ఆంప్ కూడా రాదు.

లిథియం వాళ్ళు ఇక్కడ మరింత జాగ్రత్తగా వినాలి. ప్రతి లిథియం బ్యాటరీలో దాని బీఎంఎస్, అంటే ప్రమాదం వస్తే బ్యాటరీని ఆపేసే కాపలా సర్క్యూటు, దానికి ఉంటుంది. రెండు 100 ఏహెచ్ బ్యాటరీలు ప్యారలల్‌లో ఉన్నాయి, మానిటర్‌లో 200 అని పెట్టుకున్నారు. ఒకదాని బీఎంఎస్ ఏ కారణంగానో తెగి, ఆ బ్యాటరీ పక్కకి తప్పుకుంటే వోల్టేజీ మారదు, లైట్లు మారవు, మానిటర్ 200 నుంచే లెక్కపెడుతుంటుంది. తెర మీద 50 శాతం అని వచ్చేసరికి రెండో బ్యాటరీ ఖాళీ అయి అంతా ఒక్కసారి ఆరిపోతుంది. అందుకని షంట్ పెట్టాం కదా అని ఊరుకోకుండా, లోడు నడుస్తున్నప్పుడు తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరుతో ఒక్కో బ్యాటరీ తీగనీ విడిగా కొలవాలి. ఎలక్ట్రీషియన్ సంచీలో మామూలుగా ఉండే క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, డీసీ గుర్తు ఉందో లేదో చూసి తెప్పించండి. ప్రతి బ్యాటరీ ప్లస్‌కి విడిగా ఫ్యూజు కూడా ఉండాలి, ఒకటి లోపల షార్టయితే మిగతావన్నీ కలిసి దాంట్లోకి కుమ్మరిస్తాయి.

బిగించేటప్పుడు చేతిపని గురించి రెండు మాటలు. షంట్ నెగటివ్‌లోనే ఎందుకంటే, అది బోడి లోహం, ప్లస్‌లో పెడితే స్పానర్ జారి ఇన్వర్టర్ బాడీకి తగిలినా నిప్పులు కురుస్తాయి. పైగా మానిటర్ లోపలి సర్క్యూటుకి కూడా మైనస్ దగ్గర ఆ రెండు మిల్లీవోల్టులు చదవడం తేలిక. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ఛార్జవుతున్న ట్యూబులర్ల నుంచి హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి తలుపులు తీసి, ఛార్జింగ్ ఆపి కాసేపయ్యాకే చెయ్యి పెట్టాలి, చేతి ఉంగరం తీసేయాలి, స్పానర్ పిడికి టేపు చుట్టుకోవాలి. తెల్ల పొడిని వంట సోడా కలిపిన నీళ్ళతో కడగొచ్చు, ఆ నీళ్ళు మాత్రం బ్యాటరీ మూతల్లోకి దిగకూడదు.

పెద్ద కేబులు లగ్గు షంట్ దిమ్మెకి నేరుగా అంటుకుని ఉండాలి. వాషర్ లగ్గు పైన ఉండాలి, లగ్గుకీ దిమ్మెకీ మధ్యన పడకూడదు, పడిందో కరెంటంతా ఆ ఇనప బిళ్ళలోంచి పోవాలి. మానిటర్‌కి పోయే సన్న తీగలు చిన్న స్క్రూల కిందే రావాలి. వాటిని పెద్ద బోల్టు కింద లగ్గుతో కలిపి బిగిస్తే, లగ్గు ఆనే చోట ఉండే నిరోధం కూడా కొలతలో కలిసిపోతుంది. ఆ ఆనే చోట 0.1 మిల్లీ ఓమ్ ఉందనుకోండి, అది షంట్ నిరోధంతో సమానం, మీటరు ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. మానిటర్ నడవడానికి ప్లస్ నుంచి వచ్చే సన్న ఎర్ర తీగకి ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. అన్నీ బిగించాక పెట్రోలియం జెల్లీ పైపైన రాయండి, బిగించక ముందు మధ్యలో రాయకండి. మన ఉప్పు గాలికి ఇది తప్పదు.

తర్వాత మానిటర్‌లో అంకెలు పెట్టడం. కెపాసిటీ దగ్గర అందరూ బ్యాటరీ మీద రాసి ఉన్నది కొడతారు, నాలుగు 150లు కాబట్టి 600. ఆ 150 అనేది 20 గంటల్లో నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క, అంటే బ్యాటరీకి 7.5 ఆంప్స్ చొప్పున, కొత్తగా ఉన్నప్పుడు. నాలుగేళ్ళు వేసవులు చూసిన బ్యాటరీ అంత ఇవ్వదు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది, రేకుల షెడ్డులో ఉన్నవాటి సంగతి ఆలోచించుకోండి. మానిటర్ చూపించే శాతం మనం కొట్టిన అంకెలో శాతం, బ్యాటరీలో నిజంగా ఉన్నదాంట్లో కాదు. నిండా ఎక్కించి, తెలిసిన లోడుతో నడిపి, మానిటర్ 50 అన్నప్పుడు అన్నీ ఆపి, కొన్ని గంటలాగి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ప్రతి సెల్లూ చూసి, కంపెనీ ఇచ్చిన అంకెలతో పోల్చుకుంటే నిజం బయటపడుతుంది. తక్కువొస్తే కెపాసిటీ తగ్గించి పెట్టండి, మొహమాటం వద్దు.

కూడికలూ తీసివేతలూ చేసే ఏ లెక్కైనా కొన్నాళ్ళకి కొంచెం కొంచెంగా జారుతుంది. అందుకే బ్యాటరీ నిండిన ప్రతిసారీ మానిటర్ తనని తాను 100కి సరిచేసుకుంటుంది. వోల్టేజీ ఒక గీత దాటి, ఛార్జింగ్ కరెంటు బాగా తగ్గి, అలా కొన్ని నిమిషాలుంటే నిండింది అనుకుంటుంది. విక్ట్రాన్‌లో ముందే పెట్టి వచ్చేది కెపాసిటీలో 4 శాతం కరెంటు, 3 నిమిషాలు. సోలార్ ఉన్నవాళ్ళకి మన వానాకాలంలో చిక్కు ఇక్కడే. బ్యాటరీ ఇంకా నిండకుండా వోల్టేజీ పైన ఉన్నప్పుడు పెద్ద మబ్బొకటి అడ్డం వస్తే కరెంటు తగ్గిపోతుంది, మానిటర్ దాన్ని చూసి నిండిందని పొరబడి 100 వేసేస్తుంది. ఆ గీతని ఛార్జర్ పైకి తీసుకెళ్ళే వోల్టేజీకి దగ్గరగా పెట్టి, నిమిషాలు పెంచుకుంటే ఈ పొరపాటు చాలావరకు పోతుంది. వరసగా ముసురు పట్టి బ్యాటరీ వారం పైన నిండకపోతే ఒకసారి కరెంటు మీదో జనరేటర్ మీదో పూర్తిగా నింపండి, అది బ్యాటరీకీ మంచిది, లెక్కకీ మంచిది.

ఇంత హంగామా ఎందుకు, మునుపు ఇవన్నీ ఉన్నాయా అని మా ఇంట్లో పెద్దవాళ్ళే అంటారు. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమ ఎలా ఉందో చూసిన మనుషులే వాళ్ళు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నదీ వాళ్ళే. ఇప్పుడు ఇంట్లో బ్యాటరీ మీద నడిచేవి ఫ్యాను, లైటు మాత్రమే కాదు. ఇన్సులిన్ పెట్టుకున్న ఫ్రిజ్ ఉంటుంది, పెద్దాయనకి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లిచ్చే కాన్సంట్రేటర్ 300 వాట్ల పైన తింటుంది, 12 వోల్టుల మీద దగ్గర దగ్గర 30 ఆంప్స్. ఇంకా నాలుగు గంటలొస్తుందా, ఒక గంటేనా అన్న ప్రశ్నకి ఆ ఇంట్లో పచ్చ లైటు జవాబు కాదు. ఒక గంటే అని ముందే తెలిస్తే వాన ఇంకా ముదరకముందే మనిషిని ఆసుపత్రికి చేర్చొచ్చు, సిలిండర్ తెప్పించొచ్చు. అలాంటి చోట 22ని 70గా చూపించే మీటరుని బిగించి వచ్చినవాడు ఎలా నిద్రపోతాడో నాకు అర్థం కాదు. బిగించేవాళ్ళు ఆఖర్న ఒక్క పావుగంట ఉండి పరీక్ష చేసి రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఆ పరీక్షకి ఏ పరికరమూ అక్కర్లేదు. ముందు సోలార్ ప్యానెళ్ళ తీగలు కంట్రోలర్ నుంచి తీసేయండి, ప్యానెళ్ళు ఉండగా బ్యాటరీ తీస్తే కంట్రోలర్ పాడవ్వచ్చు. తర్వాత ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ ఆపండి. ఇప్పుడు బ్యాటరీ మీద నడిచేవన్నీ వేసి చూసుకోండి: కెమెరాలు, రూటరు, సైరను, డీసీ లైటు. ఇన్వర్టర్‌ని, పెద్ద లోడుల్ని మాత్రం స్విచ్చు దగ్గర ఆపేయండి, లేకపోతే తీసేటప్పుడు నిప్పురవ్వలు వస్తాయి. అప్పుడు మైనస్ బస్ బార్ నుంచి షంట్‌కి వచ్చే ఆ ఒక్క కేబులుని షంట్ దగ్గర విప్పండి. అన్నీ ఆరిపోవాలి. ఏదైనా ఒక్కటి వెలుగుతూనే ఉంటే దాని నెగటివ్ షంట్‌ని తప్పించుకుని ఇంకో దారిలో బ్యాటరీకి చేరుతోందన్నమాట, బ్యాటరీ టెర్మినళ్ళ మీద అదనపు లగ్గు ఏదీ కనపడకపోతే ఇన్వర్టర్ బాడీకీ ఎర్తుకీ కలిపిన తీగలు చూడండి, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.